ఎనిమిదా, పదహారా, ముప్పై రెండా

ఆలేరు స్టేషన్ రోడ్డులో విజేందర్ పెట్టుకున్న కంప్యూటర్ల దుకాణంలో మంగళవారం నాడు ఎనిమిది జీబీ మెమరీ చాలన్నారు. బుధవారం నాడు అదే దుకాణంలో అదే విజేందర్ ముప్పై రెండు లేనిదే పని నడవదన్నాడు. ఒక్క రోజులో ఎనిమిది ముప్పై రెండు ఎట్లా అయిందో ఇస్రాయేలుకు అర్థం కాలేదు. అర్థం కాని చోట అతనికి ముందుగా పుట్టేది అనుమానమే.

ఆ అనుమానం అతనికి ఊరికే అబ్బింది కాదు. ముప్పై ఏళ్లు ఆలేరు మార్కెట్ యార్డులో హమాలీగా బస్తాలు మోసిన మనిషి. ఒక ఏడాది వడ్ల సీజనులో, కాంటా చూపించిన అంకె కంటే భుజం మీది బస్తా బరువుగా ఉన్నట్టు తోచి, బస్తా దించి, కాంటా పళ్లెం కిందికి చెయ్యి పెట్టి చూశాడు. గట్టిగా మడిచి దోపిన గోనె ముక్క ఒకటి చేతికి తగిలింది. దాన్ని అందరి ముందూ పైకెత్తి చూపించాడు. ఆ సీజనంతా అతనికి యార్డులో పని దొరకలేదు. కానీ మరుసటి ఏడాది నుంచి చుట్టుపక్కల రైతులు తమ వడ్లు తూకానికి రాగానే, "ఇస్రాయేలును పిలువుండ్రి, జర పక్కన నిలవడుతడు" అనడం మొదలుపెట్టారు. ఎవరి మాటనూ ఊరికే నమ్మకపోవడం వల్లనే నలుగురిలో తనకు మర్యాద దక్కిందని అతను అనుకునేవాడు. అందులో కొంత నిజమూ ఉంది.

ఇప్పుడు అరవై దాటాయి. మోకాళ్లు అరిగి ఇంటిపట్టున ఉంటున్నాడు. ఒక్కతే బిడ్డ, గ్లోరీ. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, భువనగిరిలో శ్రీశైలం అనే ఇంజనీరు దగ్గర ఇండ్ల ప్లాన్లు గీసే పనికి కుదిరింది. కట్టబోయే ఇల్లు, కట్టినాక వీధిలోంచి ఎట్లా కనబడుతుందో, లోపల మెట్లు ఎటు తిరుగుతాయో కంప్యూటర్లో ముందే నిలబెట్టి చూపించడం ఆ పిల్ల పని. తల్లి సుగుణమ్మకు గుండె ఆపరేషన్ అయింది. చూసుకునేవాళ్లు లేక గ్లోరీ ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. ఇంజనీరు మంచివాడు, ఇంటి నుంచే గీసి పంపమన్నాడు. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ మాత్రం ఆ పనికి తట్టుకోలేదు. రెండంతస్తుల ఇల్లు తెరవగానే బిగుసుకుపోయేది. ఒకనాడు పొద్దున్నుంచి గీసినదంతా ఒక్క క్షణంలో పోయింది. గ్లోరీ చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. ఇస్రాయేలు చూశాడు. బల్ల మీద పెట్టుకునే కొత్త కంప్యూటరే కొందామని ఆ పూటే నిశ్చయించుకున్నాడు.

"మెమరీ ఎంతుండాలె?" అని అడిగాడు.

"పదహారు జీబీ నాయినా."

"నా చేతిల ఉన్న ఫోన్లనే నూట ఇరవై ఎనిమిది ఉన్నదని రాసుంది. అంత పెద్ద డబ్బల పదహారేంది?"

"అది దాసుకునే జాగా. గిది పని చేసే జాగా. మనింట్ల బీరువా ఉన్నది, బల్ల ఉన్నది. బీరువా ఎంత పెద్దగుంటే ఏం లాభం, బల్ల చిన్నగుంటే కాగితం పరుస్తానికి జాగ ఉండది. కంప్యూటర్ బందు చేస్తే గా బల్ల మీదియన్నీ పోతయి. బీరువాల పెట్టినయి ఉంటయి."

మాట బాగానే ఉంది. "పదహారని ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు ఇస్రాయేలు.

"నవీనన్న."

నవీన్‌కుమార్ అదే వాడ పిల్లవాడు. అదే చర్చికి వస్తాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి నాగులమ్మ కూలి చేసి చదివించింది. ఇప్పుడు ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతున్నాడు. ఇస్రాయేలును నోరారా పెద్దనాయినా అంటాడు. అయినా సరే, ఒక్కరి మాట మీద సరుకు కొనడం ఇస్రాయేలుకు ఇష్టం లేదు. మంగళవారం ఇంట్లో చెప్పకుండా ఒక్కడే విజేందర్ దుకాణానికి వెళ్లాడు. వ్యాపారిని పరీక్షించడానికి అతనికి ఒక పద్ధతి ఉంది. అవసరం తక్కువ చేసి చెప్పాలి. ఆశపోతు వ్యాపారైతే అప్పుడు కూడా పెద్దదే అంటగడతాడు.

"పిల్ల ఉన్నది. జరంత చదువుకుంటది, ఉత్తరాలు గిట్ల కొట్టుకుంటది. మెమరీ ఎంత కావాలె?"

"గా పనికి ఎనిమిది మస్తయితది కాకా" అన్నాడు విజేందర్.

ఇస్రాయేలు విజేందర్ మీద గౌరవంతో ఇంటికి వచ్చాడు. నవీన్ మీద ఒక చిన్న ముల్లు లాంటిది మనసులో గుచ్చుకుంది. ఎనిమిదితో అయ్యేదానికి పదహారు ఎందుకు చెప్పినట్టు?

బుధవారం ఇస్రాయేలు, గ్లోరీ, నవీన్ ముగ్గురూ కలిసి వెళ్లారు. గ్లోరీ తన పని ఏమిటో వివరంగా చెప్పింది. విజేందర్ తల ఆడిస్తూ విని, "గిసొంటి పనికి ముప్పై రెండు లేకుంటే కష్టం" అన్నాడు. నవీన్ వెంటనే విజేందర్ మోచేయి పట్టుకుని వెనక గదిలోకి తీసుకుపోయాడు. మధ్యలో అద్దం తలుపు. మాటలు వినబడలేదు. నవీన్ చెయ్యి ఊపుతూ ఏదో అన్నాడు, విజేందర్ నవ్వాడు, భుజం తట్టాడు. ఇద్దరూ బయటికి వచ్చారు.

"సరే, పదహారే పెడుదాం" అన్నాడు విజేందర్.

ఇస్రాయేలు కళ్ల ముందు యార్డు మెదిలింది. ముందు ముప్పై రెండని బెదిరించడం, తర్వాత పదహారుకు దిగడం, దిగినందుకు కొనేవాడు సంతోషపడటం. అసలు కావలసింది ఎనిమిదే. మధ్యలో అద్దం వెనక ఆ మంతనాలు దేనికి? దళారులు తువ్వాల కింద వేళ్లు పట్టుకుని మాట్లాడుకోవడం అతను ఎన్నిసార్లు చూడలేదు!

"నవీనూ" అన్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు ముగ్గురు గిరాకీలు ఉన్నారు. "నీకెంత ముట్టుతాంది?"

నవీన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "పెద్దనాయినా, నేను..." అని ఆగిపోయాడు. బల్ల మీద పెట్టిన హెల్మెట్ తీసుకుని, ఎవరినీ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. గ్లోరీ కూడా ఆగలేదు. తండ్రి కంటే ఇరవై అడుగులు ముందు నడుచుకుంటూ ఇల్లు చేరింది.

మరునాడంతా ఇంట్లో మాటల్లేవు. గ్లోరీ పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అది బిగుసుకుపోయినప్పుడల్లా చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూసేది. సుగుణమ్మ మంచం మీద నుంచి అడిగింది.

"నా ఆపరేషన్ నాడు దవాఖానల రక్తమిచ్చింది ఎవలు?"

"నవీను. నాకు తెల్వదా? గది వేరు, గిది వేరు."

"నీకన్నీ వేరువేరే" అంటూ ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

తప్పు చేశానని ఇస్రాయేలుకు తోచలేదు. కానీ ఒప్పు చేశానన్న నిబ్బరమూ లేదు. నమ్మాలన్నా నమ్మకూడదన్నా కంటితో చూసినది ఒకటి ఉండాలి. శుక్రవారం పొద్దున గ్లోరీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"నీ పనంతా పెన్‌డ్రైవుల ఎక్కించుకో బిడ్డా. పోదాం. మూడిటిమీద పెట్టి చూద్దాం. ఏది మోస్తే గదే తీస్కుందాం."

గ్లోరీకి కోపం తీరలేదు. కానీ ఇంజనీరు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. లేచి చెప్పులు వేసుకుంది.

విజేందర్ అడ్డు చెప్పలేదు. ఎనిమిది ఉన్నది, పదహారు ఉన్నది, ముప్పై రెండు ఉన్నది, మూడు కంప్యూటర్లు వరుసగా పెట్టి, గ్లోరీ వాడే సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి గంట తీసుకున్నాడు. ఇస్రాయేలు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గ్లోరీ తెర మీద ఒక మూల చిన్న కిటికీ తెరిచింది. అందులో ఒక గీత పాకుతోంది, పక్కన అంకె మారుతోంది.

"ఇది చూడు నాయినా. మెమరీ ఎంత నిండిందో గిది చెప్తది. నూరయిందంటే ఇగ జాగ లేనట్టు."

"అంటే దీనికి దీని కాంటా ఉన్నదన్నట్టు" అన్నాడు ఇస్రాయేలు, ముందుకు వంగి.

ఎనిమిది జీబీ దాని మీద ఏమీ తెరవకముందే నలభై దగ్గర ఉంది. ప్లాను తెరిస్తే అరవై దాటింది. ఇల్లు నిలబెట్టిన బొమ్మ తెరిస్తే తొంభై. ఇంజనీరు పంపిన ఫొటోలు, మెయిల్ కూడా తెరిచేసరికి తొంభై ఏడు. గ్లోరీ ఒక గోడను పట్టుకుని జరిపింది. గోడ కదల్లేదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. చాలాసేపటికి గోడ ఒక్కసారి ఎగిరి వేరే చోట పడింది. ఇంట్లో ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని ఎందుకు కూర్చుంటుందో ఇస్రాయేలుకు అప్పుడు తెలిసింది.

పదహారు దాని మీద అవే నాలుగూ తెరిచింది. అంకె డెబ్బై దగ్గర నిలిచింది. గోడ వేలి వెంట వచ్చినట్టు వచ్చింది. ముప్పై రెండు దాని మీద కూడా గోడ అట్లాగే వచ్చింది. అంతకంటే జోరుగా ఏమీ రాలేదు. అంకె నలభై కూడా దాటలేదు.

"దీన్ల సగానికి పైన ఖాళీగనే ఉన్నది కదా" అన్నాడు ఇస్రాయేలు.

"ముందుముందు పనికొస్తది కాకా. పని పెరుగుతది."

"పెరిగిననాడు పెట్టుకోరాదా?"

విజేందర్ రెండు వేళ్లు చూపించాడు. "పెట్టుకోవచ్చు. ఎనిమిదివి రెండు ముక్కలు పెడితే జర జోరుంటది కానీ గుచ్చే జాగలు రెండూ నిండుతయి. పదహారుది ఒక్కటే పెడితే పక్క జాగ ఖాళీగ ఉంటది. రేపు ఇంకోటి గుచ్చుకోవచ్చు."

"ఒక్కటే పెట్టండి అన్నా" అంది గ్లోరీ. నిర్ణయం అక్కడ అయిపోయింది.

లేవబోతూ ఇస్రాయేలు మనసులో ఉన్నది అడిగేశాడు. "మంగళారం ఎనిమిదన్నవ్. మల్లొచ్చిన దినం ముప్పై రెండన్నవ్. ఎందుకు?"

"నువ్వు ఉత్తరాలు కొట్టుకుంటది అన్నవ్ కాకా! గా పనికి ఎనిమిదే."

గ్లోరీ తండ్రి వైపు తిరిగింది. అతను ఆమె కళ్లలోకి చూడలేదు.

"మరి ముప్పై రెండు?"

విజేందర్ నవ్వేశాడు. "అది నా పేరాశ. నవీన్ సారు లోపలికి గుంజుకపోయి తిట్టిండు. కష్టపడి కొంటున్నరు, అక్కెరకు మించి అంటగట్టకు అన్నడు. నేనేమన్న దాస్తున్ననా కాకా, ఉన్నదున్నట్టు చెప్తున్న."

ఇస్రాయేలుకు ఆ దుకాణంలో నిలబడటం కష్టమైంది. తన పరీక్ష తననే మోసగించింది. అద్దం వెనక తన కోసం పోట్లాడిన పిల్లవాణ్ని దళారీ అన్నాడు. నవ్వుతూ తప్పు ఒప్పుకున్న విజేందర్ ఆ ఘడియలో అతనికి ఎంతో నిజాయితీపరుడిగా కనిపించాడు. "సాయంత్రానికి అన్నీ బిగించి పంపిస్త కాకా, మీరు పోండ్రి" అంటే సరేనన్నాడు. తన సరుకు తూకమయ్యేదాకా పక్కన నిలబడకుండా ఇంటికి వెళ్లడం ఇస్రాయేలు జీవితంలో అదే మొదటిసారి.

శనివారం పొద్దున కంప్యూటర్ కిటికీ పక్కన బల్ల మీద నడుస్తోంది. గ్లోరీ ముఖంలో వారం తర్వాత వెలుగు వచ్చింది. "మెమరీ చూపియ్యి" అన్నాడు ఇస్రాయేలు. ఆమె చూపించింది. పదహారు అని ఉంది. పక్కనే, వాడుకోవడానికి పదమూడు పాయింట్ తొమ్మిది అని కూడా ఉంది.

"రెండు తక్కువున్నది!"

"తక్కువ లేదు నాయినా. స్క్రీన్ మీద బొమ్మ చూపియ్యనీకి గా రెండు తీస్కుంటది. దీనికి వేరే కార్డు లేదు కదా."

"గట్లని ఎవలు చెప్పిండ్రు నీకు? రెండు కొట్టేసిండు వాడు."

గ్లోరీ మౌస్ వదిలేసి చూసింది. "నా మాట నమ్మవ్. దుకాణపాయన మాట నమ్మవ్. ఇగ ఎవల్ని అడుగుతవ్ చెప్పు?"

ఎవరిని అడగాలో అతనికి తెలుసు. తెలిసే గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చొక్కా వేసుకుని, వాడ చివర ఉన్న నాగులమ్మ ఇంటికి నడిచాడు.

నాగులమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. తల ఎత్తి చూసి మళ్లీ వంచుకుంది. "కూసో బావా" అనలేదు. "నా కొడుకు లోపల ఉన్నడు. ఇంకేమన్న అననీకి వచ్చినవా?" అంది.

"లేదు నాగులమ్మా. అన్నది తీసుకపోనీకి వచ్చిన."

నవీన్ గడపలోకి వచ్చాడు. కుర్చీ జరిపి, "కూసోండ్రి" అన్నాడు. పెద్దనాయినా అనలేదు. ఇస్రాయేలు కూర్చోలేదు.

"నేనన్నది తప్పు నవీనూ. నలుగురి ముందట అన్న. గా దుకాణంలనే నిలవడి తప్పని చెప్త, రా."

"అక్కెర లేదు. నన్నొక్కసారి పక్కకు పిలిచి అడుగుంటే అయిపోతుండె."

"అవును. అడగలే."

 ఇస్రాయేలు వెళ్లకుండా అక్కడే నిలబడి, తువ్వాల అంచు నలుపుతూ, "గా కంప్యూటర్ల పదహారుకు పదమూడే చూపిస్తాంది" అన్నాడు.

నవీన్ తల ఎత్తి చూశాడు. "ఇప్పుడు మాఫీ కోసం వచ్చినవా, కంప్యూటర్ కోసం వచ్చినవా?"

"రెండిటికి" అన్నాడు ఇస్రాయేలు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాలేదు.

నాగులమ్మ మిరపకాయల మీద చెయ్యి ఆపింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నట్టు ఉంది. నవీన్ లోపలికి వెళ్లి స్క్రూడ్రైవర్ తీసుకుని బయటికి వచ్చాడు.

ఇస్రాయేలు ఇంటికి వచ్చి కంప్యూటర్ చూసి, గ్లోరీ చెప్పిందే నిజమని నవీన్ రెండు మాటల్లో తేల్చాడు. తెర బొమ్మ కోసం రెండు జీబీ పక్కకు పోతుందని, వేరే కార్డు లేని కంప్యూటర్లన్నిటిలోనూ అంతేనని, అందులో మోసం లేదని. "నమ్మకముంటలేదు కదా? విప్పి చూపిస్త" అని పక్క రేకు తీశాడు. లోపల పచ్చని పలక, దాని మీద గుచ్చిన వేలెడు వెడల్పు మెమరీ ముక్క, పక్కన ఖాళీ జాగా. "ఇగో, పదహారని రాసుంది, చదువు." ఇస్రాయేలు కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. నిజంగానే పదహారు అని ఉంది. అతని మెడ వాలిపోయింది. మళ్లీ తప్పే.

కానీ నవీన్ రేకు బిగించలేదు. ముక్కను మెల్లగా ఊడదీసి వెలుతురులోకి పట్టాడు. వెనక వైపు చిన్న తెల్ల కాగితం అంటించి ఉంది. దాని మీద పెన్నుతో గీకిన సంతకం, ఒక తేదీ. నాలుగేళ్ల కిందటిది.

"ఏంది?" అన్నాడు ఇస్రాయేలు.

"ఇది కొత్తది కాదు." నవీన్ తేదీ మీద వేలు పెట్టి చూపించాడు. "గ్యారంటీకని అమ్మిననాడు అంటించే చీటి ఇది. ఎవల మిషన్లకెల్లనో తీసింది. నేను చదువు చెప్పెటోన్ని, నువ్వు అనుమానపడకుంటే నాకు విప్పి చూద్దామన్న ఆలోచనే రాకపోతుండె."

గ్లోరీ బిల్లు తెచ్చింది. కొత్తదనే రాసి ఉంది. ముగ్గురూ స్టేషన్ రోడ్డుకు బయలుదేరారు.

దుకాణంలో ఇస్రాయేలు ముందు ఒక పని చేశాడు. గిరాకీలు ఉండగానే, అందరికీ వినబడేట్టు, "బుధారం నాడు నేను ఈ పిల్లగానికి పైసలు ముట్టుతున్నయన్న. అది అబద్ధం. నా నోరు జారింది" అన్నాడు. నవీన్ నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇస్రాయేలు ఆ ముక్కను విజేందర్ ముందు గాజు బల్ల మీద పెట్టి, కాగితం కనబడేట్టు తిప్పాడు.

విజేందర్ ముఖం మీది నవ్వు అట్లాగే ఉంది గానీ, కళ్లు కిందికి వాలాయి. "రిపేరు డబ్బలది దీన్ల కలిసింది కాకా. చూస్కోలే."

"కలిసింది కావచ్చు. నేను లొల్లి పెట్టుకోనీకి రాలే. సీలు తియ్యంది తీస్కరా. పెట్టె మీది నంబరు, లోపలి ముక్క మీది నంబరు ఒక్కటేనా కాదా, ఇక్కడనే పెద్దగ చదువు."

విజేందర్ చదివాడు. ఒక్కో అంకె చదువుతుంటే ఇస్రాయేలు ముక్క మీద వేలు జరుపుకుంటూ పోయాడు. పక్కన నిలబడ్డ గిరాకీ ఒకాయన తన సంచిలోని పెట్టె తీసి తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాడు.

దారిలో నవీన్ అడిగాడు. "దాంట్ల మోసమున్నదని నీకెట్ల తెలిసింది?"

"నాకేం తెల్వది. నేను అనుమానపడ్డది వేరేదాని మీద." ఇస్రాయేలు అడుగు ఆపి నవీన్ వైపు తిరిగాడు. "నా కోసం కొట్లాడినోన్ని అనుమానించిన. నవ్వుకుంట మాట్లాడినోన్ని నమ్మి ఇంటికి పోయిన. గిదే నా తెలివి."

నవీన్ వాడ మలుపులో తన ఇంటి వైపు తిరిగాడు. మనసు ఒక్క పూటలో కుదురుకోదు కదా. ఆ తర్వాత కొన్ని నెలలు గ్లోరీకి ఏ సందేహం వచ్చినా ఫోన్‌లోనే చెప్పేవాడు, ఇంటికి వచ్చేవాడు కాదు. క్రిస్మస్ నాడు చర్చి నుంచి నేరుగా వచ్చి సుగుణమ్మ వండిన బగారన్నం తిన్నాడు. రెండోసారి వడ్డించుకునేటప్పుడు "పెద్దనాయినా, గా గంటె ఇటియ్యి" అన్నాడు. ఇస్రాయేలు గంటె అందించి, నీళ్లు తెచ్చే మిషతో లోపలికి వెళ్లాడు.

ఏడాది తిరిగేసరికి గ్లోరీ పని పెరిగింది. ఒక్కో ఇల్లు పోయి, పదహారు ఇండ్ల వెంచర్ మొత్తం గీయాల్సి వచ్చింది. మెమరీ అంకె తొంభై రెండు, తొంభై నాలుగు దగ్గర తచ్చాడుతోందని నెల రోజులు గమనించి, ఖాళీ జాగాలో ఇంకో పదహారు గుచ్చాలని తనే నిశ్చయించుకుంది. ఆలేరులో కొనలేదు. పొద్దున రైలుకు సికింద్రాబాద్ వెళ్లింది. తోడుగా వస్తామన్న తండ్రినీ నవీన్‌నూ వద్దనలేదు గానీ, దుకాణం ముందు సిమెంటు అరుగు చూపించి, "మీరు ఈడనే కూసోండ్రి. నేను మాట్లాడుకుంట" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరూ కూర్చున్నారు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఇస్రాయేలు మెడ చాచి లోపలికి చూశాడు.

"ఏం చేస్తాంది?"

"ఏదో అడుగుతాంది. ఆయన చెప్తాండు."

"తల ఊపుతాందా?"

"ఊపుతలేదు. మల్ల అడుగుతాంది" అన్నాడు నవీన్.

ఇస్రాయేలు అరుగుకు వీపు ఆనించి కాళ్లు చాపుకున్నాడు.